నీరటి లేని చెరువు

మీ ఊరి చెరువు తూము ఈ ఏడు ఎవరు తెరిచారు? ఎవరు మూశారు? ఈ రెండింటికీ చప్పున జవాబు చెప్పగలిగితే మీ ఊరు అదృష్టం చేసుకున్నట్టే. చాలా ఊళ్లలో మాత్రం వినబడే మాట ఒకటే: ‘‘ఎవరికి అక్కర పడితే వాళ్లు తెరుసుకుంటరు. మూసేటోడే లేడు.’’

తెలంగాణలో 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటలను దశలవారీగా బాగు చేయాలని తలపెట్టారు. ఎన్నో చోట్ల పూడిక తీశారు, కట్టలు గట్టి చేశారు, తూములు మార్చారు, మత్తళ్లు కట్టారు. మంచి పనే. ఆ మట్టి తోలుకున్న చెలక రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆ పనుల జాబితాల్లో ఒక దానికి చోటు దొరకలేదు. చెరువును ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండే మనిషి. అతనితో పాటు అతన్ని నిలబెట్టిన ఊరి కట్టుబాటు. కట్టుబాటు చెడిన తర్వాతే చెరువు చెడింది గనక, దాని సంగతి ముందు తెలుసుకోవాలి.

ఎవరీ నీరటి?

ఇప్పటి పిల్లలకు ఈ పేరు తెలియకపోవచ్చు. మన వైపు నీరటి అనీ నీరడి అనీ అంటారు. రాయలసీమలో నీరుగంటి. పేరేదైనా పని ఒకటే. చెరువు నీటిని పొలాలకు పంచడం, చెరువును కాపాడటం.

అతని ఏడాది రోహిణి కార్తెలో మొదలయ్యేది. వాగు నుంచి, గుట్టల నుంచి చెరువులోకి వరద తెచ్చే కట్టు కాలువ వెంట నడిచేవాడు. ఎక్కడ పూడింది, ఎక్కడ గండి పడింది, ఎవరు దున్ని కలుపుకున్నారు అన్నది చూసి ఊళ్లో చెప్పేవాడు. ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చేవాడు. ఒకటి రెండు రోజుల్లో కాలువ బాగయ్యేది. వానలు పడ్డాక అతని కాపురం కట్ట మీదే. రాత్రి పూట కందిలి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేవాడు. ఎలుక బొరియ, ఎండ్రకాయ బొక్క, చెట్టు వేరు పక్క నుంచి ఊట, ఇవన్నీ అతని కంట పడాల్సిందే. మత్తడి దుంకుతోందంటే పై చెరువు సంగతేమిటో, కింది చెరువుకు ఎంత పోతోందో కబురు తెచ్చేదీ అతనే.

నాట్లకు తూము తెరిచేది అతనే. రాతి కంబాల మధ్య ఉండే కొయ్య బిరడాను ఎంత ఎత్తాలో అతని చేతికే తెలుసు. తూము రాయి మీద నీటి మట్టం చూసి ఇంక ఎన్ని తడులు వస్తాయో చెప్పేవాడు. ఏ మడి ఇసుకపాలు, ఏ మడి నీరు పట్టి ఉంచుతుంది, ఎవరు ముందు నాటారు, ఎవరిది పొట్టకొచ్చింది అన్న లెక్క అతని నోటి మీద ఉండేది. మడికి నీరు మళ్లించేందుకు ఒడ్డు తెంపే పార అతని చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో ఉండకూడదు. పటేలు పొలమైనా సరే, ఆ పని రైతు తానుగా చేసుకోవడానికి లేదు. మంచి నీరటి ఉన్న ఊళ్లో ఆయకట్టు చివరి మడి కూడా పండేది.

ఇందుకు అతనికి కొంత మాన్యం భూమి, కళ్లం మీద మేర. నూర్పిళ్లయ్యాక ప్రతి రైతూ పొలాన్ని బట్టి ఇన్ని కుంచాలని కొలిచేవాడు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పంట పండితేనే మేర. చివరి మడి ఎండితే ఆ మడి మేర పోయినట్టే. అందుకని చివరి మడి మీద అతనికి రైతుకున్నంత రంధి ఉండేది. నెల జీతానికి పనిచేసే వాడికి ఆ రంధి ఉండమంటే ఎక్కడినుంచి వస్తుంది?

కరువును పంచుకోవడం

చెరువు నిండిన ఏడు నీరు పంచడం పెద్ద విద్య కాదు. సగం నిండిన ఏడు తెలుస్తుంది ఊరి పెద్దరికం. దీపావళి దాటాక రైతులు కట్ట మీదో, చావడి దగ్గరో కూర్చునేవారు. నీరెంత ఉంది, యాసంగికి ఎన్నెకరాలు పారుతుంది అని నీరటిని అడిగేవారు. ఆయకట్టు 100 ఎకరాలు, నీరు 40 ఎకరాలకే సరిపోతుందని అతను అంటే, ఇక అందరికీ కోతే. ఎకరం ఉన్నవాడు 16 గుంటలు, అయిదెకరాలు ఉన్నవాడు రెండెకరాలు మాత్రమే నాటుకోవాలి. కొన్ని ఊళ్లు ఇంకో అడుగు ముందుకు వేసేవి. కాలువలో నీరు ఇంకిపోకుండా తూముకు దగ్గరి 40 ఎకరాలు మాత్రమే పారించి, దూరాన పొలం ఉన్నవాడికి కూడా అందులోనే ఆ ఒక్క పంటకు వంతు ఇచ్చేవారు. దామాషా అంటే ఇదే. ఈ మాట ఇవాళ ఎన్నికల చర్చల్లో వినబడుతోంది గానీ చెరువు కింద రైతుకు పాత చుట్టమే.

ఆలోచించండి, తూము పక్క భూమి ఉన్నవాడు తన భూమిని కింది రైతుకు ఒక పంటకు వదలడమంటే చిన్న సంగతి కాదు. ఇవాళ ఆ మాట అంటే కొట్టుకు చస్తారు. అప్పుడు ఒప్పుకున్నారంటే అందరూ ధర్మరాజులని కాదు. కట్టు కాలువ తీయడానికి, తెగిన కట్ట పోయడానికి కింది రైతు కూలి లేకుండా వస్తేనే పై రైతుకూ చెరువు ఉంటుంది. ఒకరి అవసరం ఒకరికి ఉంది. ఆ అవసరం తీరిన నాడే కట్టుబాటు వదులైంది.

ఇది చాలా పాత ఏర్పాటు. మన రామప్ప, పాకాల, లక్నవరం కాకతీయుల నాటివి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. గట్టి నేల, తీపి నీటి ఏరు, దగ్గరలో రాతి గని, వీటితో పాటు పని తెలిసిన మనుషులను కూడా అంగాల్లోనే కలిపారు. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం. నీరు తక్కువై పారే నేల ఎక్కువ కావడాన్నీ దోషమనే రాశారు. ఆ చెరువు కట్టడానికి వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయట. రాయలసీమలో చెరువును బాగు చేసి కాపాడే వాడికి దశబంధం కింద మాన్యం ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1858లో ఊరివాళ్లు చెరువు పనికి విధిగా రావాలని చట్టమే చేసింది. కుడిమరామత్తు అని పాతవాళ్లు అనేది ఈ పనినే.

చెరువు చుట్టూ బతికింది వరి రైతు ఒక్కడే కాదని మీకు తెలిసిందే. ముదిరాజులకు, గంగపుత్రులకు చేపలు, కుమ్మరికి మట్టి, చాకలికి రేవు, చాపలకు తుంగ, గౌడులకు కట్ట కింది ఈతలు, తాళ్లు. గొడ్లకు నీళ్లు. బతుకమ్మను సాగనంపేదీ అక్కడే. కట్ట మైసమ్మకు బోనం ఎత్తేదీ అక్కడే. చెరువు ఎండితే ఇంతమంది పని ఒక్కసారే పోతుంది. ఊరు విడిచి పోయినవాళ్ల లెక్క తీస్తే అందులో భూమి లేని ఈ కులాలవాళ్లు ముందు వరసలో ఉంటారు.

పాతదంతా బంగారం కాదు

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. చాలా ఊళ్లలో నీరటి దళితుడు. ఊరి పొలాలన్నిటికీ నీరు పెట్టే చెయ్యి ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. అతనికి భూమి తక్కువ గనక నీటి దగ్గర పక్షపాతం చూపడని ఊరు నమ్మింది. అదే మనిషిని గడప తొక్కనివ్వలేదు. నిజాం కాలంలో వెట్టి కూడా అతని నెత్తినే. మేర కొలిచే కుంచం అన్ని కళ్లాల్లోనూ ఒకే తీరుగా ఉండేది కాదు. కాబట్టి నీరటి కొడుకు చదువుకుని, ఆ పార నేను పట్టనంటే తప్పు పట్టే హక్కు మనకు లేదు. ఊరు చేయాల్సింది ఆ పనికి గౌరవం, సరైన కూలి ఏర్పాటు చేయడం. ఊరు ఆ పని చేయలేదు. పనినే వదిలేసింది.

ఎట్లా చెడింది?

ఒక్క దెబ్బకు చెడలేదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. వాళ్ల పెత్తనం పోయినందుకు ఎవరూ ఏడ్వలేదు, ఏడ్వాల్సిన పనీ లేదు. కానీ చెరువు పనికి ఊరిని పిలిచే నోరు కూడా వాళ్లతోనే పోయింది. దాని స్థానంలో ఇంకొకటి రాలేదు. నీరటి గ్రామ సేవకుడయ్యాడు, తర్వాత వీఆర్‌ఏ అయ్యాడు. ప్రభుత్వం గౌరవ వేతనం ఇవ్వడం మొదలుపెట్టాక రైతులు మేర మానుకున్నారు. ఆఫీసు పిలిస్తే ఆఫీసుకు పోవాలి గనక అతనూ చెరువు మానుకున్నాడు. తెలంగాణలో 2023లో వీఆర్‌ఏ వ్యవస్థనే ఎత్తేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దారు. కొందరు నీటిపారుదల శాఖలో లస్కర్లుగా చేరారు గానీ ప్రతి ఊరి చెరువుకూ ఒక మనిషన్న పాత లెక్క లేదు.

అంతకంటే పెద్ద దెబ్బ బోరుది. 1980లలో కరెంటు మోటారుకు గుర్రపుశక్తిని బట్టి ఇంతని బిల్లు పెట్టారు. ఎంతసేపు నడిపినా అంతే. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. కరెంటు వద్దని ఏ రైతూ అనడు, ఈ పేజీ కూడా అనదు. కానీ జరిగిందేమిటో చూడండి. పెట్టుబడి ఉన్న రైతు ముందు బోరు వేశాడు. చెరువు నిండినా నిండకపోయినా అతని పంట పండింది. దాంతో కట్టు కాలువ తీసే పనికి రావడం మానేశాడు. దీపావళి తర్వాత కట్ట మీద కూర్చునేది ఇక ఎవరు? బోరు లేని చిన్న రైతులే. వాళ్ల మాట ఎవరు వింటారు? వాళ్లూ అప్పు చేసి బోరు వేశారు. ఒకటి పడలేదు, ఇంకొకటి వేశారు.

మన నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే నీరు ఉంటుంది. కోస్తా డెల్టాలోలా లోతుకు పోయినకొద్దీ నీరు దొరుకుతుందన్న భరోసా లేదు. ఆ పగుళ్లలోకి నీరు ఇంకించేది చెరువే. అంటే బోరు రైతు తాగేదీ చెరువు నీళ్లే, కాకపోతే వేరే దారిలో. చెరువుతో నాకేం పని అన్న వాడి బోరే ఎండాకాలం ముందు నోరు తెరుస్తుంది. 2002లో వాల్టా చట్టం వచ్చింది. అనుమతి లేకుండా బోరు వేయకూడదంది. కాగితం మీద ఉంది.

ఇక శిఖం సంగతి. నాలుగేళ్లు చెరువు నిండకపోతే శిఖంలో నాగళ్లు దిగుతాయి. కట్టు కాలువ పొలంలో కలుస్తుంది. ఆ తర్వాత మంచి వాన పడిన ఏడు చెరువు నిండితే శిఖంలో వేసిన పైరు మునుగుతుందని మత్తడికి గండి కొట్టిన ఊళ్లున్నాయి. చెరువు నిండకూడదని కోరుకునే రైతు ఊళ్లో తయారయ్యాడంటే ఇంక చెప్పేదేముంది?

పూడిక నష్టం ఎంతో వేళ్ల మీద లెక్క కట్టవచ్చు. 50 ఎకరాల శిఖంలో అడుగు మందం పూడిక పేరితే 50 ఎకరాల మీద అడుగు ఎత్తు నీరు పోయినట్టు. వరికి నాటు నుంచి కోత దాకా నాలుగడుగుల నీరు పడుతుందనుకుంటే, పన్నెండున్నర ఎకరాల మాగాణి పోయింది. చిన్న కమతాల ఊళ్లో అది పది పన్నెండు కుటుంబాల తిండి.

చట్టం ఉంది, మనిషి లేడు

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. రైతులే ఓట్లేసి కమిటీని ఎన్నుకోవాలి, నీటి పంపకం, మరమ్మతు వాళ్లే చూసుకోవాలి అని. ఆలోచన మంచిదే. మొదట్లో కాలువల్లో పూడిక తీతకు డబ్బులు వచ్చాయి, పనులు జరిగాయి. తర్వాత ఎన్నికలు క్రమం తప్పాయి. చాలా చోట్ల సంఘం అంటే కాంట్రాక్టు పనులనే అర్థం వచ్చింది. తూము మూయడానికి రాత్రి కట్ట మీదికి ఏ ప్రెసిడెంటు వెళ్తాడు?

ఎస్సారెస్పీ, దేవాదుల కాలువలతో చెరువులు నింపుతున్న ఊళ్లలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. నీరు బయటినుంచి వస్తోందని ధీమా పెరిగి, తూములు రాత్రింబవళ్లు తెరిచే ఉంటున్నాయి. మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి నీరే కింది చెరువుకు వరద. పైన ఒక కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారి కింది కట్ట మీద పడుతుంది. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు 1న పడిన వానలకు మహబూబాబాద్ జిల్లాలో చెరువులు తెగాయి. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి బండ్లు ఆగిపోయాయి. అంత వానకు ఏ కట్టయినా తెగవచ్చు, కాదనలేం. అయినా పై చెరువు నుంచి కింది చెరువుకు ముందుగా కబురు తెచ్చే మనిషి ఉంటే పశువుల కట్లయినా విప్పుకుంటారు.

మీ ఊళ్లో ఏం చేయొచ్చు?

ప్రభుత్వం నీరటిని వేసే దాకా ఆగనక్కర లేదు. లెక్క వేసి చూడండి. 100 ఎకరాల ఆయకట్టులో ఎకరానికి 20 కిలోల వడ్లు ఇస్తే పంటకు 20 క్వింటాళ్లు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర రూ. 2,369 చొప్పున రూ. 47,380. అయిదు నెలల పంట కాలానికి నెలకు దాదాపు తొమ్మిదిన్నర వేలు. ఎకరానికి 20 క్వింటాళ్లు పండే చోట ఇది నూటికి ఒక వంతు. ఒక మందు పిచికారీ ఖర్చుకు అటూ ఇటూ. మీ ఆయకట్టు 30 ఎకరాలే అయితే ఒక్క ఊరితో గిట్టదు, గొలుసులోని రెండు మూడు కుంటలకు కలిపి ఒకరిని పెట్టుకోవాలి. బోరు రైతు కూడా ఇవ్వాలి, సగమైనా సరే. చేపల సంఘంతో మాట్లాడితే వాళ్లూ కలిసొస్తారు, తూము ఎప్పుడూ తెరిచి ఉంటే ముందు నష్టపోయేది వాళ్లే.

ఎవరిని పెట్టుకోవాలన్నదీ ముఖ్యమే. పాత నీరటి కుటుంబమే చేయాలని పట్టు పట్టవద్దు. ఏ కులమైనా ఫర్వాలేదు, ఆడమనిషైనా ఫర్వాలేదు. తూముకు దగ్గర సొంత పొలం లేనివారైతే మేలు. కూలి ఎంతో, ఎప్పుడిస్తారో పంచాయతీలో కాగితం మీద రాసుకోండి. మేరలాగా పంట చివర ఇచ్చే పద్ధతికి లాభమున్నా, అతను అయిదు నెలలు ఏం తింటాడు? సగం నెలనెలా, సగం కోతల తర్వాత ఇస్తే రెండూ కలిసొస్తాయి. ఊళ్లో ముసలి నీరటి ఎవరైనా బతికి ఉంటే కొత్త మనిషిని ఒక పంట కాలం ఆయన వెంట తిప్పండి. ఏ మడికి ఎంత నీరన్నది ఏ కాగితంలోనూ లేదు.

కట్ట దగ్గర ఊట కనబడితే గాబరా పడకుండా ముందు నీటి రంగు చూడాలి. ఊట తేటగా, ఎప్పుడూ ఒకే తీరుగా వస్తుంటే కనిపెట్టి ఉంటే చాలు. బురదగా వస్తున్నా, రోజురోజుకూ ఎక్కువవుతున్నా కట్ట లోపలి మట్టి కొట్టుకు వస్తోందన్న మాట. అప్పుడు చాలామంది చేసే పొరపాటు, బయటి వైపు బంకమట్టి కుక్కి ఊటను బిగించడం. అది ఇంకో చోట పగులుతుంది. ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు పరవాలి. నీరు పోవాలి, మట్టి ఆగాలి. వెంటనే నీటిపారుదల ఇంజనీరుకు కబురు చేయాలి. కట్ట మీద పెరిగిన తుమ్మలను చిన్నగా ఉన్నప్పుడే పీకేయాలి. పెద్ద చెట్టును మొదలంటా నరికి వదిలేస్తే వేళ్లు కుళ్లి లోపల సొరంగాలు పడతాయి.

చెరువు మట్టి తోలుకునే ముందు పరీక్ష చేయించండి. ఎర్ర చెలకకు, ఇసుక నేలకు అది బంగారం, పదును నిలుస్తుంది. నీరు నిలిచే నల్లరేగడికి మళ్లీ బంక మట్టి తోలితే తంటా. చవుడు ఉన్న శిఖం మట్టి ఏ నేలకూ వద్దు.

ఇక మిగిలింది కట్టు కాలువ. దీనికి డబ్బు కంటే కాళ్లు కావాలి. మృగశిర లోపల ఊరి నుంచి నలుగురు, పై ఊరి నుంచి ఇద్దరు కలిసి చెరువు దగ్గర మొదలుపెట్టి వాగు దాకా నడవండి. కాలువ పొలంలో కలిసిన చోట ఆ రైతును అక్కడికే పిలిచి మాట్లాడండి, ఊళ్లో పంచాయితీ పెడితే పట్టింపుకు పోతాడు. పూడిక ఎక్కువున్న చోట్లు రాసుకుని ఉపాధి హామీ పనుల కింద పెట్టమని గ్రామసభలో అడగండి. పోయేటప్పుడు రెండు పారలు, ఒక కొడవలి వెంట ఉంచుకుంటే చిన్న అడ్డాలు అక్కడికక్కడే తీసేయొచ్చు.